అల్బేనియన్ల ఇంటికి అతిథిగా వెళ్తున్నారా, అయితే ఇది చదివి వెళ్లండి

అల్బేనియాకో కొసోవోకో పని మీద వెళ్లినవాళ్లకి, లేదంటే స్విట్జర్లాండ్‌లోనో జర్మనీలోనో ఇటలీలోనో పక్క ఫ్లాట్‌లో అల్బేనియన్ ఫ్యామిలీ ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు "ఇంటికి రండి, కాఫీ తాగి వెళ్దురు" అనే పిలుపు వస్తుంది. మాటవరసకి అన్నారులే అని దాన్ని వదిలేయకండి. వాళ్లకి అతిథి అనేది చాలా పెద్ద విషయం, ఎంత పెద్దదో తెలిస్తే వాళ్ల చరిత్ర సగం అర్థమైనట్టే. అందుకే రాజులు, యుద్ధాలు, తేదీల వరసలో కాకుండా ఆ ఇంటి గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టి రాస్తున్నా, చరిత్ర దారిలో అదే వస్తుంది.

ముందుగా చేయాల్సింది, పిలిచినవాళ్లది ఏ ఊరో కనుక్కోవడం. అల్బేనియన్ అంటే అల్బేనియా దేశస్థుడు అని ఫిక్స్ అయిపోకండి. 2023 జనాభా లెక్కల్లో అల్బేనియాలో ఉన్నది సుమారు 24 లక్షల మందే, పక్కనే ఉన్న కొసోవోలో మెజారిటీ వాళ్లే, నార్త్ మాసిడోనియా పడమటి వైపు, మాంటెనీగ్రోలో ఉల్చిన్ చుట్టుపక్కల, సెర్బియా దక్షిణాన ప్రెషెవా లోయలో కూడా తరతరాలుగా ఉన్నారు. 1912 నవంబర్ 28న వ్లోరాలో ఇస్మాయిల్ కెమాలి జెండా ఎగరేసి స్వాతంత్ర్యం ప్రకటించాడు, కానీ ఆ తర్వాత 1913లో లండన్‌లో పెద్ద దేశాలు కూర్చుని గీసిన సరిహద్దు కొసోవోతో సహా చాలా మంది అల్బేనియన్లని బయటే వదిలేసింది. ఇటలీలో అయితే ఇంకో కథ, అక్కడ కలబ్రియాలో, సిసిలీలోని పియానా దెల్యి అల్బనేజీ లాంటి ఊళ్లలో 15వ శతాబ్దం నుంచి వలస వచ్చి స్థిరపడినవాళ్లు ఉన్నారు, వాళ్లని అర్బరేష్ అంటారు, ఐదు వందల ఏళ్లు దాటినా కొన్ని ఊళ్లలో ఇప్పటికీ పాత అల్బేనియన్ మాట్లాడుతున్నారు. కాబట్టి ప్రిష్టినా మనిషిని పట్టుకుని "మీరు అల్బేనియా నుంచా" అని అడక్కండి, "మీది ఏ ఊరండీ" అని అడగండి చాలు, మిగతాది ఆయనే చెప్తాడు, చాలాసేపు చెప్తాడు.

ఊరు తెలిస్తే యాస కూడా తెలిసిపోతుంది. ష్కుంబిన్ నదికి ఉత్తరాన గెగ్, దక్షిణాన తోస్క్. 1972లో ఖరారు చేసిన స్టాండర్డ్ భాష ఎక్కువగా తోస్క్ మీద ఆధారపడింది, అందుకని మీరు యాప్‌లో నేర్చుకున్నది తిరానాలో బాగానే పనిచేస్తుంది గానీ కొసోవోలో ఇంట్లో మాట్లాడుకునేది చెవికి వేరేలా తగులుతుంది, కంగారు పడకండి. ఉత్తరాది వాళ్లలో మా యాసని పక్కన పెట్టేశారనే బాధ ఇంకా ఉంది, కాబట్టి మీది స్లాంగ్ కదా అని మాత్రం అనొద్దు.

ఖాళీ చేతులతో వెళ్లకండి. ఒక స్వీట్ బాక్సో చాక్లెట్లో కాఫీ పొడి ప్యాకెట్టో చాలు, పిల్లలుంటే వాళ్లకి విడిగా ఏదైనా. ఖరీదైనవి కొనాల్సిన పనిలేదు. ఒకవేళ అల్బేనియాలో కొంటుంటే డబ్బుల దగ్గర ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, 1965లో పది పాత లేక్‌లని ఒక కొత్త లేక్‌గా మార్చారు, ఇన్నేళ్లయినా జనం నోట్లో పాత లెక్కే నడుస్తోంది. షాపాయన పది వేలు అన్నాడంటే చాలాసార్లు ఆయన అడిగేది వెయ్యి లేక్‌లే, మోసం అనుకుని గొడవపడకుండా "కొత్తదా పాతదా" అని ఒక మాట అడగండి. కొసోవోలో యూరో కాబట్టి ఈ తలనొప్పి లేదు.

గుమ్మం దగ్గర షూస్ విప్పేయండి. "పర్లేదు పర్లేదు, వేసుకునే రండి" అంటారు, అది మర్యాద కోసం అనేది, విప్పితేనే సంతోషిస్తారు, వెంటనే ఒక జత స్లిప్పర్స్ కూడా తెచ్చి పెడతారు. "మిర్ సె ఎర్ధెత్" అని ఆహ్వానిస్తారు, దానికి జవాబు "మిర్ సె యు జెతా", ఈ ఒక్కటి నేర్చుకుని వెళ్లండి, ఇంటి పెద్దావిడ మొహం ఎలా వెలిగిపోతుందో చూడండి. ఆ తర్వాత ప్రశ్నల వాన మొదలవుతుంది, ఎలా ఉన్నారు, ఇంట్లో అందరూ బాగున్నారా, అమ్మానాన్న ఎలా ఉన్నారు, పిల్లలెలా ఉన్నారు, దార్లో అలిసిపోయారా. అన్నిటికీ పూర్తి వివరాలు అక్కర్లేదు, బాగున్నాం అంటూ అవే ప్రశ్నలు తిరిగి వేయడమే పద్ధతి. పెద్దవాళ్లు కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని పలకరిస్తే మీరూ అలాగే చేయండి.

తల ఊపడం దగ్గర మాత్రం జాగ్రత్త. పాత అలవాటు ఉన్నవాళ్లు అవును అనడానికి తల అడ్డంగా ఆడిస్తారు, కాదు అనడానికి పైకి ఒకసారి ఎగరేస్తారు. కుర్రకారులో ఇప్పుడు రెండు రకాలూ కలిసిపోయాయి. మన వాళ్ల తల అడ్డంగా ఊగడం ఎలాగూ ఆగదు కాబట్టి అన్నం ఇంకాస్త వడ్డించమంటారా అన్నప్పుడు మీరు వద్దు అని తల అడ్డంగా ఊపితే ప్లేటు నిండిపోతుంది. నోటితో "పో" అంటే అవును, "యో" అంటే కాదు, చెప్పేయడమే మంచిది.

ఇక్కడ కాస్త ఆగి కానూన్ గురించి చెప్పాలి. ఉత్తరాది కొండల్లో ప్రభుత్వం చేతులు అందని చోట శతాబ్దాల పాటు జనం పాటించిన ఆచార చట్టం అది, లెక్ దుకజీని అనే పాతకాలపు దొర పేరుతో పిలిచే దాన్ని ష్త్యెఫెన్ జెచోవి అనే ఫ్రాన్సిస్కన్ ఫాదర్ ఊరూరూ తిరిగి సేకరించాడు, ఆయన్ని 1929లో చంపేశారు, ఆ పుస్తకం ష్కోదర్‌లో 1933లో అచ్చయింది. అందులో అల్బేనియన్ ఇల్లు దేవుడిదీ అతిథిదీ అని రాసి ఉంది. రాత్రిపూట దారిన పోయేవాడు ఎవరైనా బయట నిలబడి "ఓ ఇంటాయనా, అతిథుల్ని చేర్చుకుంటావా" అని కేకేస్తే ఇంటాయన బయటికొచ్చి, వాడి తుపాకీ తీసుకుని గోడకి తగిలించి, పొయ్యి పక్కన మంచి చోట కూర్చోబెట్టాలి, ఉన్నదే పెట్టాలి, రొట్టె, ఉప్పు, మనసు. తుపాకీ తీసుకోవడం అంటే నీ ప్రాణం ఇక నా పూచీ అని. ఆ అతిథిని ఎవరైనా చంపితే అది ఇంటివాళ్ల మీద పడ్డ దెబ్బ, తండ్రిని చంపినవాణ్ని క్షమించొచ్చు గానీ అతిథిని చంపినవాణ్ని క్షమించడం లేదని కానూన్ చెప్తుంది. దీని అడుగున ఉన్నదే బేసా, అంటే ఇచ్చిన మాట, ప్రాణం పోయినా నిలబెట్టుకోవాల్సింది.

ఇదంతా పాతకాలం కబుర్లు అనుకుంటారేమో, 1943 చూడండి. జర్మన్లు అల్బేనియాని ఆక్రమించాక తిరానాలో ఒక ఫోటో స్టూడియోలో పని నేర్చుకుంటున్న రెఫిక్ వెసెలి అనే 17 ఏళ్ల ముస్లిం కుర్రాడు, యుగొస్లావియా నుంచి పారిపోయొచ్చి అదే స్టూడియోలో పనిచేస్తున్న మోషే మాండిల్ అనే యూదు ఫోటోగ్రాఫర్ కుటుంబాన్ని క్రుయాలో ఉన్న తన అమ్మానాన్నల దగ్గరికి తీసుకెళ్లాడు. పెద్దవాళ్లని పశువుల కొట్టం పైన దాచి, పిల్లల్ని తమ పిల్లల్లో కలిపేసి యుద్ధం అయ్యేదాకా కాపాడారు. ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, యుద్ధానికి ముందు ఆ దేశంలో సుమారు 200 మంది యూదులు ఉంటే యుద్ధం ముగిసేసరికి అంతకంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు, యూరప్‌లో దాదాపు ఎక్కడా లేని సంగతి ఇది. అలాగే 1999లో కొసోవో నుంచి తరిమేసిన జనం సరిహద్దు దాటి వచ్చినప్పుడు, అప్పటికే అడుగంటిపోయిన అల్బేనియా 4 లక్షల మందికి పైగా చేర్చుకుంది, చాలా మంది క్యాంపుల్లో కాదు, మనుషుల ఇళ్లల్లో ఉన్నారు. రెండేళ్ల ముందే, 1997లో, మోసపు స్కీములు కూలిపోయి ఆ జనమే ఇంట్లో దాచుకున్నదంతా పోగొట్టుకున్నారని గుర్తుపెట్టుకుని ఈ మాట మళ్లీ చదవండి.

సరే, లోపలికి వచ్చి కూర్చున్నారు. మీకు చూపించిన చోటే కూర్చోండి, అది మంచి చోటే అయ్యుంటుంది, మొహమాటపడి తలుపు దగ్గర కూర్చుంటే ఇంటివాళ్లు ఇబ్బంది పడతారు. ట్రే వస్తుంది, చాలా ఇళ్లల్లో కొత్త కోడలు తెస్తుంది. చిన్న కప్పులో టర్కిష్ కాఫీ, పక్కన నీళ్ల గ్లాసు, పాత పద్ధతి ఇంకా ఉన్న ఇంట్లో అయితే చిన్న పళ్లెంలో గ్లికో కూడా. పండ్లని పాకంలో ఉడికించి చేసేది గ్లికో, పెర్మెత్ ఊరు దీనికి పేరు. ఎక్కడైనా పచ్చి వాల్‌నట్ గ్లికో పెడితే అస్సలు వదలొద్దు, పెంకు గట్టిపడకముందే కాయలు కోసి, పైతోలు తీసి, సున్నపు నీళ్లల్లో నానబెట్టి, చేదు పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగి అప్పుడు పాకంలో వేస్తారు, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, కొరికితే లోపల మెత్తగా ఉంటుంది గానీ పైన కరకరమంటుంది. ఒక స్పూను తిని నీళ్లు తాగండి. కాఫీ మాత్రం గటగటా తాగి లేవకండి, అడుగున పొడి ఉంటుంది, పైగా కాఫీ అనేది కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక వంక.

రాకీ అనే పండ్ల సారా పొద్దున్నే ఇచ్చినా ఆశ్చర్యపోకండి, ద్రాక్షతోనో ప్లమ్‌తోనో మల్బరీతోనో ఇంట్లో కాచిందైతే "మాదే, మేమే చేశాం" అని గర్వంగా చెప్తారు. కళ్లల్లోకి చూసి "గెజువార్" అని గ్లాసు తాకించి చిన్న గుటకలే వేయాలి, ఒక్కసారిగా ఎత్తి పోసుకునేది కాదు. తాగని వాళ్లు చెయ్యి గుండె మీద పెట్టి థాంక్స్ చెప్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

శాకాహారులు దయచేసి ఈ పేరా వదలకుండా చదవండి. అతిథి కోసం వాళ్లు మాంసమే వండుతారు, పల్లెల్లో అయితే గొర్రెపిల్లని కోసేస్తారు, అంతా టేబుల్ మీదికి వచ్చాక "నేను తినను" అంటే వాళ్ల మనసు విరిగిపోతుంది. పిలిచిన రోజే చెప్పేయండి. చెప్తే ఏం దొరుకుతుందంటే, పల్చటి పిండి పొరల మధ్య పాలకూర పెట్టిన బ్యురెక్, మిరపకాయలూ టమాటాలూ గిజె అనే మెత్తటి చీజ్‌తో చేసే ఫెర్గెసె (కాలేయం వేసే రకం కూడా ఉంది, అడిగి తినండి), తెల్ల చిక్కుడు గింజల పులుసు, ఉత్తరాదిలో, కొసోవోలో అయితే ఫ్లియా. ఫ్లియా చేసేటప్పుడు చూసే అవకాశం వస్తే వంట దగ్గరే కూర్చోండి. పల్చటి పిండిని గుండ్రటి పెద్ద తపేలాలో చక్రం ఆకుల్లా మధ్యమధ్య ఖాళీ వదులుతూ పోస్తారు, నిప్పుల్లో కాల్చిన ఇనుప మూత, సాచ్ అంటారు దాన్ని, పైన బోర్లిస్తారు, పొర కాలాక మూత ఎత్తి మీగడ పూసి, ఇందాక వదిలిన ఖాళీల్లో మళ్లీ పిండి పోస్తారు, మళ్లీ మూత. ఇలా పొర మీద పొర గంటల తరబడి, అందుకే దాని చుట్టూ అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. నా లెక్కలో అల్బేనియన్ల వంటల్లో దీన్ని మించింది లేదు. ప్లేటు ఖాళీ అయితే మళ్లీ వడ్డిస్తారు, కడుపు నిండిపోతే కాస్త వదిలేయండి. రొట్టెని మాత్రం పారేయకండి, కింద పడినా తీసి పక్కన పెట్టండి.

ఇప్పుడు మాటలు. ఇక్కడే ఎక్కువ మంది తడబడతారు, ఎందుకంటే మొదటి ప్రశ్నగా "మీరు ముస్లిమా క్రిస్టియనా" అని అడుగుతారు. వద్దు. సున్నీలు, బెక్తాషీలు (సూఫీ మార్గం ముస్లింలు), ఆర్థొడాక్స్, క్యాథలిక్కులు అందరూ ఉన్నారు, ఒకే ఇంట్లో రెండు మతాలు ఉండటం కూడా మామూలే. ఒట్టొమన్ టర్కుల కాలంలో మతం చూసి బడి ఉండేది, ముస్లిం పిల్లలకి టర్కిష్‌లో, ఆర్థొడాక్స్ పిల్లలకి గ్రీకులో చదువు, సొంత భాషలో చదువే లేదు. మతం మీద నిలబడితే ఈ జనం మూడు ముక్కలై పక్క దేశాల్లో కలిసిపోతారని 19వ శతాబ్దపు పెద్దలకి అర్థమైంది, అందుకే భాషని పట్టుకున్నారు. 1878లో ప్రిజ్రెన్‌లో అల్బేనియన్ల తరఫున ఒక లీగ్ పెట్టారు, 1887 మార్చి 7న కోర్చాలో మొదటి అల్బేనియన్ బడి తెరిచారు, ఇప్పటికీ ఆ రోజే అక్కడ టీచర్స్ డే, 1908 నవంబర్‌లో మనాస్తిర్‌లో, అదే ఇప్పటి బితోలాలో, కూర్చుని ఏ లిపి వాడాలో తేల్చుకున్నారు, అంతకుముందు ఒకే భాషని అరబిక్, గ్రీకు, లాటిన్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవాళ్లు. 36 అక్షరాల లాటిన్ లిపి అలా నిలబడింది. క్యాథలిక్ అయిన పష్కో వాసా 1880 ప్రాంతంలో ఒక పద్యంలో అల్బేనియన్ల మతం అల్బేనియన్‌గా ఉండటమే అన్నాడు, ఆ మాట ఇప్పటికీ అందరి నోటా ఉంటుంది. దాన్ని పట్టుకుని వీళ్లకి భక్తి లేదనుకోకూడదు, నమాజు చేసేవాళ్లూ ఉన్నారు, చర్చికెళ్లేవాళ్లూ ఉన్నారు, బైరామ్‌కి (అంటే ఈద్‌కి) ఈస్టర్‌కి ఇరుగుపొరుగు ఇళ్లకి వెళ్లి కలిసేవాళ్లూ ఉన్నారు. మదర్ థెరిసా 1910లో స్కోప్యేలో అల్బేనియన్ క్యాథలిక్ కుటుంబంలో పుట్టింది, తిరానా ఎయిర్‌పోర్టుకి ఆమె పేరే, ఇండియా నుంచి వచ్చామంటే ముస్లిం ఇంట్లో కూడా ముందు ఆమె పేరే వస్తుంది, ఆ మాటతో సంభాషణ హాయిగా మొదలుపెట్టొచ్చు.

స్కందర్‌బేగ్ గురించి కూడా కొంచెం తెలుసుకుని వెళ్లండి, గోడ మీద బొమ్మో షెల్ఫ్‌లో విగ్రహమో ఉండే ఉంటుంది, మేకతల ఉన్న శిరస్త్రాణం చూసి గుర్తుపట్టొచ్చు (అసలుది వియన్నాలో మ్యూజియంలో ఉంది). జెర్జ్ కాస్త్రియోతి అసలు పేరు, చిన్నప్పుడే సుల్తాన్ దగ్గరికి తీసుకెళ్లి ముస్లింగా, సైనికాధికారిగా పెంచారు, 1443లో నిష్ యుద్ధం నుంచి తన మనుషులతో వచ్చేసి క్రుయా కోట పట్టుకున్నాడు, మరుసటి ఏడు మార్చిలో లెఝాలో చిన్నచిన్న దొరలందర్నీ ఒక్కటి చేశాడు, 1468లో చనిపోయేదాకా ఒట్టొమన్లకి లొంగలేదు. ఆయన చనిపోయిన పదేళ్లకి క్రుయా పడిపోయింది. తిరిగి క్రైస్తవుడై ముస్లిం సామ్రాజ్యంతో పోరాడిన మనిషిని ఇవాళ ముస్లిం అల్బేనియన్లు కూడా జాతి వీరుడిగా చూస్తారంటే ఇందాక చెప్పిన భాష సంగతి ఎంత లోతుగా పాతుకుందో తెలుస్తుంది. ఎర్ర జెండా మీది నల్ల రెండు తలల గద్ద ఆయన వంశానిదే. ఆ గద్దని రెండు చేతులు అడ్డంగా పెట్టి చూపించే సైగ ఉంది కదా, 2018 వరల్డ్ కప్‌లో సెర్బియా మీద గోల్ కొట్టి, స్విట్జర్లాండ్‌కి ఆడే కొసోవో మూలాల జాకా, షాకీరీ చేశారని ఫీఫా ఒక్కొక్కరికి 10,000 స్విస్ ఫ్రాంకుల ఫైన్ వేసింది. ఇంట్లో పిల్లలతో ఫోటోకి చేస్తే ఏం కాదు, సెర్బులు ఉన్న చోట మాత్రం చేయకండి.

మేము ప్రాచీన కాలంలో ఇక్కడ ఉన్న ఇల్లిరియన్ల వారసులం అని చెప్తే వినండి, బళ్లో నేర్చుకున్నది అది, పండితుల మధ్య ఇంకా వాదన నడుస్తూనే ఉంది, భోజనం దగ్గర ఆ వాదన మీరు ఎత్తుకోవాల్సిన అవసరం లేదు. భాష మాత్రం ఇండో యూరోపియన్ కుటుంబంలో ఒంటరి కొమ్మ, దగ్గరి చుట్టం ఎవరూ లేరు, దొరికిన అచ్చు పుస్తకాల్లో పాతది జోన్ బుజుకు 1555 నాటి ప్రార్థనల పుస్తకం.

కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా కాలం గురించి పెద్దవాళ్లని అడగొచ్చు, అయితే వాళ్లుగా ఎత్తినప్పుడే అడగండి. 1944 నుంచి 1985లో చనిపోయేదాకా ఆయనదే రాజ్యం, యుగొస్లావియాతో, తర్వాత సోవియట్లతో, చివరికి 1978లో చైనాతో కూడా తెగిపోయి దేశం తలుపులు మూసుకుంది, దేశమంతా కాంక్రీట్ బంకర్లు లక్షకి పైనే కట్టారు. 1967లో మతాన్నే నిషేధించి మసీదులు, చర్చిలు మూసేశారు, ఒక బిడ్డకి దొంగచాటుగా బాప్తిస్మం ఇచ్చాడని ష్త్యెఫెన్ కుర్తి అనే ముసలి ఫాదర్‌ని కాల్చి చంపారు. ఇంట్లో ఒక్కరు జైలుకెళ్తే ఆ ఇంటి "బయోగ్రఫీ" పాడైనట్టే, పిల్లలకి యూనివర్సిటీ సీటు రాదు, ఉద్యోగం రాదు. 1991 ఆగస్టులో వ్లోరా అనే ఓడ మీద సుమారు 20,000 మంది ఎక్కి ఇటలీలోని బారీకి వెళ్లిన ఫోటో మీరు చూసే ఉంటారు, మిమ్మల్ని పిలిచినాయన ఆ ఓడలో ఉన్నాడేమో, ఆయనే చెప్పేదాకా ఆగండి. అదే టేబుల్ దగ్గర ఒకరు ఆ రోజుల్ని తిడతారు, ఇంకొకరు కరెంటు వచ్చింది, చదువొచ్చింది అంటారు, మీరు మధ్యలో తీర్పు చెప్పొద్దు.

రక్తపగల గురించి సరదాకి అస్సలు అడగొద్దు. బేసాకి ఇది చీకటి వైపు, ప్రాణానికి ప్రాణం తీయాలనే కానూన్ నియమం వల్ల ఉత్తరాదిలో కొన్ని కుటుంబాల మగవాళ్లు ఏళ్ల తరబడి ఇల్లు దాటకుండా బతికారు, ఎందుకంటే ఇంట్లో ఉన్నవాణ్ని చంపకూడదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది 1990లో కొసోవోలో జరిగింది, అంతోన్ చెత్తా అనే ప్రొఫెసర్, ఆయనతో బోలెడంత మంది స్టూడెంట్లు ఇంటింటికీ తిరిగి పగలు వదిలేయమని బతిమాలారు, మే 1న వెర్రత్ ఎ ల్లుకెస్ అనే చోట లక్షల మంది చూస్తుండగా కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రులు నిలబడి చెయ్యి చాపి క్షమించారు. మాఫియా సినిమాలు చూసి వాటి గురించి అడిగే బదులు దీని గురించి అడగండి.

పెళ్లికి పిలిస్తే కవర్లో డబ్బులు పెట్టుకుని వెళ్లండి, వరసగా చేతులు పట్టుకుని ఆడే వల్లేలో చివర చేరండి, ముందు రుమాలు పట్టుకుని నడిపించేవాడి చోటికి వెళ్లొద్దు. దక్షిణాదిలో నలుగురు పెద్దాయనలు దగ్గరగా కూర్చుని ఒకడు పాట ఎత్తుకుంటే ఇంకొకడు అందుకోవడం, మిగతావాళ్లు అడుగున ఒకే శ్రుతి పట్టడం మొదలుపెడితే మాటలు ఆపి వినండి, అది ఇసో పాలిఫొనీ, యునెస్కో జాబితాలో ఉంది. చావు ఇంటికైతే కాఫీ తాగి, ఒకటి రెండు మాటలు చెప్పి, తొందరగానే లేవాలి, గ్లాసులు తాకించకూడదు.

వెళ్లేటప్పుడు గేటు దాకా, కొండూళ్లలో అయితే రోడ్డు దాకా వచ్చి సాగనంపుతారు, చేతిలో ఒక సీసానో పళ్లో పెడతారు, రెండుసార్లు వద్దన్నా మూడోసారి తీసుకోండి. డబ్బులు ఇవ్వబోవద్దు, అవమానంగా ఫీలవుతారు. ఆ తర్వాత వాళ్లని మీరు బయట కాఫీకి పిలవండి, బిల్లు దగ్గర మాత్రం ఆయన మీ చెయ్యి పట్టుకుని ఆపేస్తాడు, కాబట్టి మధ్యలో చేతులు కడుక్కోవడానికి లేచినట్టు లేచి, వెయిటర్‌కి ముందే కట్టేసి వచ్చి కూర్చోండి.